జర్మన్ తత్త్వవేత్తలు, మన వేదాంతం: పోలిక వేరు, ఋణం వేరు

ఉపన్యాసవేదికల మీద నేను చాలాకాలం చెప్పిన ఒక పొరపాటు మాటను దిద్దుకోవడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

వేదాంతప్రసంగాలలో మాయావాదాన్ని వివరించే సందర్భం వచ్చినప్పుడల్లా నా నోట ఒక వాక్యం తప్పక వెలువడేది. "జర్మనీ దేశంలో కాంట్ మొదలైన మహాతత్త్వవేత్తలు మన ఉపనిషత్తులను, శంకరభాష్యాన్ని చదివి, ఆ విషయాన్నే తమ భాషలో వ్రాసుకున్నారు" అనేవాణ్ణి. సభలో కరతాళధ్వనులు మ్రోగేవి. ఆ మాటను నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు. పెద్దలెవరో చెప్పగా విన్నాను. వారి మీది గౌరవంతో పరీక్షించకుండానే స్వీకరించాను.

ఒకనాడు ప్రసంగం ముగిసి ప్రసాదవినియోగం జరుగుతూండగా ఒక యువకుడు దగ్గరకు వచ్చి నమస్కరించాడు. "గురువుగారూ, చిన్న సందేహం. కాంట్ వ్రాసిన ప్రధానగ్రంథం 1781లో వెలువడింది. ఉపనిషత్తులు లాటిన్ భాషలో ఐరోపా వారికి అందినది 1801, 1802 సంవత్సరాలలో. అటువంటప్పుడు ఆయన వీటిని చదివి వ్రాశాడనడం ఎలా పొసగుతుంది?" అని అడిగాడు. అతని మాటలో ఎగతాళి లేదు. "చూసి చెబుతాను నాయనా" అన్నాను. అతడు మళ్లీ నమస్కరించి వెళ్లిపోయాడు. నా వద్ద సమాధానం లేదు.

శాస్త్రం చదివే విద్యార్థికి గురువులు మొదటే నేర్పే నియమం ఒకటుంది. ఎదుటివాడి మతాన్ని, అంటే పూర్వపక్షాన్ని, అతడు చెప్పిన విధంగానే తెలుసుకోవాలి. ఆ తరువాతే సిద్ధాంతం చెప్పాలి. శంకర రామానుజాది ఆచార్యులందరూ ఈ మర్యాదను పాటించారు. వారి గ్రంథాలను పాఠం చెప్పిన నేను, కాంట్ విషయంలో ఆ నియమాన్ని తప్పాను. అప్పటినుండి నిఘంటువును పక్కన పెట్టుకొని, ఆంగ్లానువాదాల సాయంతో ఆ తత్త్వవేత్తల గ్రంథాలను కొన్నేళ్లపాటు చదివాను. గ్రహించిన సారాన్ని మీ ముందుంచుతున్నాను.

పేరులోని చిక్కు

1781 నుండి 1831 వరకు, సుమారు యాభై సంవత్సరాల కాలంలో, జర్మనీలో నలుగురు తత్త్వవేత్తలు ఒకరి తరువాత ఒకరు ఒకే ప్రశ్నను పట్టుకొని విచారించారు. వారు కాంట్, ఫిక్టే, షెల్లింగ్, హెగెల్. వారి దర్శనాన్ని ఐడియలిజం అంటారు. తెలుగులో దీనిని ఆదర్శవాదమని కొందరు, భావవాదమని కొందరు అనువదించారు. ఆదర్శవాదం అనగానే మనకు ఉత్తమాశయాలతో జీవించడం గుర్తుకు వస్తుంది. ఇక్కడి అర్థం అది కాదు. మనకు తెలిసే జగత్తు చైతన్యంతో నిమిత్తం లేకుండా దానంతట అదే సిద్ధంగా ఉన్నది కాదు, దాని నిర్మాణంలో తెలుసుకొనే చైతన్యానికీ పాలు ఉన్నది అనడమే ఈ వాదానికి మూలం. ఆ పాలు ఎంత అన్నచోట నలుగురికీ భేదముంది.

కాంట్: తెలివికి ఎల్ల

ఇమ్మాన్యుయెల్ కాంట్ 1724లో కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. ఆ నగరం నేడు కలినిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో ఉంది. తండ్రి గుర్రాలకు జీను పట్టీలు చేసే వృత్తిపనివాడు. ఇంటి వాతావరణం దైవభక్తితో నిండినది. కాంట్ ఆ ప్రాంతం విడిచి దూరదేశాలకు పోలేదు. 1804లో అక్కడే మరణించాడు.

ఆయనను కదిలించిన ప్రశ్న స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ నుండి వచ్చింది. నిప్పు వలన పొగ కలుగుతుందని మనం అంటాము. నిప్పును చూశాము, పొగను చూశాము. "వలన" అనేదాన్ని ఎక్కడ చూశాము? మాటిమాటికీ రెండింటినీ కలిపి చూసిన అలవాటే కదా అది, అన్నాడు హ్యూమ్. న్యాయశాస్త్రం చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్త కాదు. పొగకూ నిప్పుకూ గల వ్యాప్తిని ఎలా నిశ్చయిస్తారని చార్వాకులు అడిగినది దీనికి దగ్గరిదే. అంతమాత్రాన హ్యూమ్ చార్వాకమతాన్ని చదివాడని అనలేము. బుద్ధి గలవారు ఎక్కడ కూర్చొని ఆలోచించినా ఈ సందేహం పుట్టగలదు.

దీనికి కాంట్ చెప్పిన సమాధానాన్ని మన తిరునాళ్లలో అమ్మే పంచదార చిలకలతో పోల్చి చెబుతాను. పాకం వేరే గిన్నెనుండి వస్తుంది. చిలక ఆకారం అచ్చులో ఉంటుంది. పాకం పోయకపోతే అచ్చు ఖాళీ. అచ్చు లేకపోతే పాకానికి రూపం లేదు. అట్లే ఇంద్రియాల ద్వారా వచ్చే సామగ్రి వెలుపలిది. దేశం, కాలం, కార్యకారణభావం మొదలైనవి మన తెలివి తనతో తెచ్చుకొన్న అచ్చులు. మనకు తెలిసే ప్రతి వస్తువూ ఆ అచ్చులో పడిన తరువాతే తెలుస్తుంది కనుక, ప్రతి కార్యానికీ కారణముండాలన్న నియమం మన అనుభవంలోని జగత్తు అంతటా చెల్లుతుంది. అయితే అచ్చులో పడక పూర్వం ఆ వస్తువు తనంతట తాను ఎట్టిదో మనకు ఎన్నడూ తెలియదు. "శుద్ధబుద్ధి విమర్శ" అని తెలుగులో చెప్పదగిన 1781 నాటి గ్రంథంలోని ప్రధానాంశం ఇది.

ఇక్కడే మనవారికి మాయావాదం స్ఫురిస్తుంది. పోలిక నిజంగానే ఉంది. వ్యవహారంలో సత్యమైన ఈ జగత్తు పరమార్థసత్యం కాదని శంకరులు చెప్పారు. ఇద్దరికీ ఒకే విధమైన అపవాదు కూడా వచ్చింది. లోకమంతా కల్పన అంటున్నారని ఇద్దరినీ ఆక్షేపించారు. ఇద్దరూ దానిని ఖండించారు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం రెండవ పాదంలో, బాహ్యవస్తువులు లేవనే విజ్ఞానవాదాన్ని శంకరులు నిరాకరించారు. కాంట్ కూడా 1787లో తన గ్రంథాన్ని రెండవసారి ముద్రించినప్పుడు అటువంటి వాదాన్ని ఖండిస్తూ ఒక ప్రకరణం చేర్చాడు.

భేదం అంతకంటె పెద్దది. కాంట్ మతంలో పరమార్థవస్తువు మనకు ఎప్పటికీ అజ్ఞేయం. వేదాంతంలో అది మన ఆత్మస్వరూపమే. శ్రవణ మనన నిదిధ్యాసనలతో సాక్షాత్కరించేది. ఆయన తెలివికి ఎల్ల గీయడానికి బయలుదేరాడు. మన ఋషులు సంసారబంధాన్ని తెంచడానికి బయలుదేరారు. ఒకచోట కలుసుకొన్నట్లు కనిపించినంత మాత్రాన ఇద్దరు యాత్రికులదీ ఒకే ఊరు కాదు.

దేవుని మాట

కాంట్ దేవుడు ఉన్నాడన్నాడా, లేడన్నాడా అని భక్తులు తప్పక అడుగుతారు. దేవుని ఉనికిని తర్కంతో నిరూపించడానికి ఐరోపాలో వాడుకలో ఉన్న మూడు విధాల యుక్తులనూ ఆయన పరీక్షించి, ఏదీ నిలువదని తేల్చాడు. దేవుడు లేడని నిరూపించడమూ అంతే అసాధ్యమన్నాడు. ఆ తరువాత 1788 నాటి గ్రంథంలో, ధర్మాన్ని ఆచరించే మనిషి ఆ ధర్మానికి అర్థం ఉండాలంటే ఈశ్వరుణ్ణి, ఆత్మ అమరత్వాన్ని విశ్వసించవలసి ఉంటుందని చెప్పాడు. అది జ్ఞానం కాదు, విశ్వాసం.

ఇది మనకు అపరిచితమైన వివాదం కాదు. ఉదయనాచార్యులు "న్యాయకుసుమాంజలి"లో ఈశ్వరుణ్ణి అనుమానప్రమాణంతో సాధించారు. రామానుజాచార్యులు శ్రీభాష్యంలో, బ్రహ్మసూత్రాలలోని మూడవ సూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ, అనుమానం ఈశ్వరుణ్ణి సాధించలేదని, శాస్త్రమే ప్రమాణమని విస్తారంగా నిరూపించారు. పరమభాగవతోత్తములైన రామానుజులే ఆ మాట చెప్పగా, తర్కానికి దేవుడు అందడన్నందుకు కాంట్‌ను నాస్తికుడనడం మనకు తగదు. అయితే రామానుజులు తర్కం ఆగినచోట శాస్త్రాన్ని ఆశ్రయించారు. కాంట్ మనిషిలోని ధర్మబుద్ధిని ఆశ్రయించాడు. ఆ ధర్మబుద్ధి నుండే ఏ మనిషినీ కేవలం మన ప్రయోజనానికి సాధనంగా వాడరాదనే నియమాన్ని ఆయన ప్రతిపాదించాడు. ఆయన ఇచ్చిన వాటిలో లోకం ఎక్కువగా నిలుపుకొన్నది దీనినే.

ఫిక్టే, షెల్లింగ్, హెగెల్

కాంట్ మతంలో ఒక చిక్కు ఉన్నదని ఆయన సమకాలికులే గుర్తించారు. కార్యకారణభావం మన తెలివిలోని అచ్చు మాత్రమే అయితే, తెలియరాని వస్తువు మన ఇంద్రియానుభవానికి కారణమని ఎలా అనగలం? ఫిక్టే ఆ తెలియరాని వస్తువును పూర్తిగా విడిచిపెట్టాడు. ఈయన 1762లో నేతపనివారి పేదకుటుంబంలో పుట్టాడు. ఊరిలో జరిగిన మతోపదేశాన్ని ఒక్కసారి విని మొత్తం అప్పగించగా, విన్న ఒక ప్రభువు ముచ్చటపడి చదివించాడని ఆయన జీవితకథలో చెబుతారు. దాతల మాట వచ్చింది కనుక దీనిని ప్రస్తావించాను. "నేను" అనే చైతన్యం నుండే సర్వమూ ఆరంభమవుతుందని ఫిక్టే 1794లో ప్రతిపాదించాడు. ఆ "నేను" ఒక వ్యక్తి కాదు. అది తనను తాను నిలుపుకొని, తనకు ఎదురుగా "నేను కానిదాన్ని" నిలిపి, దానితో పెనుగులాడుతూ ధర్మమార్గంలో ముందుకు సాగే క్రియ. అహమాత్మ అన్నట్లే ఉన్నదని తొందరపడరాదు. అద్వైతంలోని ఆత్మ అకర్త, సాక్షి. ఫిక్టే చెప్పిన "నేను"కు క్రియే స్వరూపం. ఈ ఒక్కచోటే రెండు దర్శనాలు ఎదురుబొదురుగా నిలుస్తాయి.

షెల్లింగ్ 1775లో పుట్టాడు. ప్రకృతిని కేవలం "నేను కానిది" అని త్రోసివేయడం ఆయనకు నచ్చలేదు. ప్రకృతి నిద్రాణమైన చైతన్యం. అది రాయిలో, చెట్టులో, జంతువులో క్రమంగా మేల్కొని మనిషిలో తన్ను తాను ఎరుగుతుంది అన్నాడు. జ్ఞాత, జ్ఞేయం రెండూ మూలంలో ఒకటే అన్నాడు.

హెగెల్ 1770లో స్టుట్‌గార్ట్‌లో పుట్టాడు. షెల్లింగ్, హెగెల్, కవి హోల్డర్‌లిన్ ముగ్గురూ ట్యూబింగెన్‌లో మతవిద్య చదువుతూ ఒకే గదిలో ఉన్నవారు. హెగెల్ తన మొదటి మహాగ్రంథాన్ని 1807లో ప్రకటించాడు. పరతత్త్వం ఆదిలోనే సంపూర్ణంగా కూర్చున్న వస్తువు కాదని, చరిత్రలో వికసిస్తూ తన్ను తాను తెలుసుకొంటుందని ఆయన మతం. ఆ వికాసానికి ఒక క్రమముంది. పిల్లవాడు తండ్రి చెప్పినందుకు నియమం పాటిస్తాడు. యౌవనంలో అదే నియమాన్ని ఎదిరిస్తాడు. పెద్దవాడై తాను ఇల్లు నడిపేటప్పుడు దాని అర్థం తెలిసి, తనదిగా చేసుకొని పాటిస్తాడు. మూడవ దశలో మొదటిదీ ఉంది, రెండవదీ ఉంది. రెండూ మునుపటి రూపంలో లేవు. విచారం, సమాజం, కళ, మతం అన్నీ ఇట్లే సాగుతాయని హెగెల్ విస్తరించి చూపాడు. మన పరిభాషలో ఇది పరిణామవాదానికి దగ్గర. కూటస్థనిత్యమైన బ్రహ్మం మారదనే శంకరమతానికి దూరం. బర్లిన్‌లో ఆచార్యుడుగా ఉంటూ హెగెల్ 1831లో మరణించాడు.

నిజమైన ఋణం ఎక్కడ ఉన్నది?

మరి ఐరోపా తత్త్వవేత్తలకు ఉపనిషత్తులతో సంబంధమే లేదా? ఉంది. మొగలు రాజకుమారుడు దారా షికో కాశీపండితుల సాయంతో యాభై ఉపనిషత్తులను 1657లో పారసీక భాషలోకి అనువదింపజేశాడు. ఆ పారసీకప్రతి నుండి ఫ్రెంచి పండితుడు ఆంక్విటిల్ డ్యుపెరాన్ లాటిన్‌లోకి మార్చి 1801, 1802లలో ప్రకటించాడు. ఆ యువకుడు చెప్పిన గ్రంథం ఇదే. దీనిని చదివినవాడు షోపెన్‌హవర్. 1788లో పుట్టి 1860లో మరణించిన ఈయన, తన దర్శనానికి కాంట్, ప్లేటో, ఉపనిషత్తులు మూలమని స్వయంగా ఒప్పుకొన్నాడు. ఆ లాటిన్ ఉపనిషత్తులే తన జీవితానికి ఊరట అని వ్రాసుకొన్నాడు. ఇది ఋణం. ఋణగ్రస్తుడే పత్రం వ్రాసి ఇచ్చాడు. అయినా ఈయన చెప్పిన మూలతత్త్వం గ్రుడ్డి ఇచ్ఛాశక్తి. మన బ్రహ్మం సచ్చిదానందం. పైగా ఈయన ఫిక్టే, షెల్లింగ్, హెగెల్ ముగ్గురినీ తీవ్రంగా నిందించినవాడు. ఈయనను చూపి ఆ ముగ్గురూ మనకు ఋణపడ్డారనడం చెల్లదు.

హెగెల్ మాట వేరు. ఆయనకు సంస్కృతం రాదు. ఆగస్ట్ విల్‌హెల్మ్ ష్లేగెల్ 1823లో భగవద్గీతను లాటిన్ అనువాదంతో ప్రకటించిన తరువాత, విల్‌హెల్మ్ హంబోల్ట్ దానిమీద ఉపన్యాసాలు వ్రాశాడు. 1827లో హెగెల్ వాటిని సమీక్షించాడు. అనువాదాలు, కోల్‌బ్రూక్ వ్యాసాలు మాత్రమే ఆధారంగా, భారతీయచింతన భేదాలన్నిటినీ శూన్యమైన ఏకత్వంలో ముంచివేస్తుందని, అందులో వ్యక్తిస్వేచ్ఛకు చోటు లేదని తీర్పు చెప్పాడు. జీవ జగదీశ్వరుల భేదాన్ని నిలుపుతూనే ఏకత్వాన్ని చెప్పిన విశిష్టాద్వైతాన్ని ఆయన ఎరుగడు. ఇది చదివినప్పుడు మొదట నాకు కోపం వచ్చింది. పిదప నన్ను నేను చూసుకొన్నాను. మన గ్రంథాలను మూలంలో చదవకుండా హెగెల్ మనను తక్కువ చేసి మాట్లాడాడు. వారి గ్రంథాలను ఏ భాషలోనూ చదవకుండా నేను వారిని మనకు శిష్యులను చేసి మాట్లాడాను. దోషం ఒక్కటే.

తరువాతి కథ

ఈ దర్శనప్రభావం అనేక దిక్కులకు పోయింది. హెగెల్ క్రమాన్ని గ్రహించి, చైతన్యం స్థానంలో భౌతికజీవనాన్ని నిలిపి కార్ల్ మార్క్స్ తన వాదాన్ని నిర్మించాడు. 1841లో ముసలి షెల్లింగ్ బర్లిన్‌లో ఉపన్యసించగా విన్నవారిలో మార్క్స్ సహచరుడు కాబోయే ఎంగెల్స్, డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ ఉన్నారు. 1844లో బర్లిన్‌కు చేరి షెల్లింగ్ వద్ద విన్న మరొకరు మాక్స్‌ముల్లర్. సాయణభాష్యంతో ఋగ్వేదాన్ని ముద్రించిన ఆ పండితుడే 1881లో కాంట్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. షోపెన్‌హవర్ మార్గాన్ని అనుసరించిన పాల్ డాయ్‌సన్ సంస్కృతం నేర్చి, శాంకరభాష్యసహితంగా బ్రహ్మసూత్రాలను 1887లో, అరవై ఉపనిషత్తులను 1897లో జర్మన్‌లోకి తెచ్చాడు. 1896లో వివేకానందస్వామి కీల్ నగరంలో ఈయనను కలిశారు.

చెడుఫలితాలూ లేకపోలేదు. ఫిక్టే 1807, 1808లలో జర్మన్ జాతినుద్దేశించి చేసిన ప్రసంగాలను తరువాతివారు జాతిదురభిమానానికి వాడుకొన్నారు. ఇతరజాతుల గురించి కాంట్, హెగెల్ వ్రాసిన మాటలు కొన్ని వారి సిద్ధాంతానికే తలవంపులు.

హెగెల్ ప్రభావం ఇంగ్లండు విశ్వవిద్యాలయాలలో గ్రీన్, బ్రాడ్లీ మొదలైనవారి ద్వారా వ్యాపించి, అక్కడి పాఠ్యక్రమంతోపాటు మన దేశపు కళాశాలలకు చేరింది. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ విద్యనే అభ్యసించారు. 1932లో వెలువడిన వారి ప్రసిద్ధగ్రంథం పేరులోనే ఈ ఐడియలిజం ఉంది. వారు రెండు సంప్రదాయాలనూ చదివి, పోల్చి, ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చెప్పారు. ఎవరినీ దొంగను చేయలేదు.

భక్తులకు, దాతలకు విన్నపం

ఆలయాలలో ఉచితంగా పంచే చిన్నపుస్తకాలను మీవంటి దాతల ద్రవ్యంతోనే ముద్రిస్తారు. వాటిలో "పాశ్చాత్యులందరూ మన నుండే గ్రహించారు" అనే వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. దేశవిదేశాలలో చదువుకొనే మన పిల్లలు ఆ వాక్యాన్ని నమ్మి, తమ ఆచార్యుల ముందు పలికి, ఒక్క తేదీతో ఓడిపోతున్నారు. అక్కడ ఓడినది ఆ వాక్యమే. కాని ఆ పిల్లవాడికి మాత్రం ఉపనిషత్తే ఓడినట్లు తోస్తుంది. అటువంటి పుస్తకానికి ద్రవ్యమిచ్చే ముందు, తెలిసినవారి చేత ఒకసారి పరిశీలింపజేయండి. అదీ విద్యాదానంలో భాగమే.

కాంట్ చదవకపోయినా ఉపనిషత్తు ఉపనిషత్తే. ఆయన తనంతట తానే అంత దూరం ఆలోచించాడని ఒప్పుకొన్నందువలన మన ఋషుల ఘనత వీసమంత కూడా తగ్గదు. వేరొక దేశంలో, వేరొక భాషలో, ఏ పరిచయమూ లేకుండా ఒక మనిషి కంటికి కనిపించేదే పరమసత్యం కాదనే నిశ్చయానికి వచ్చాడంటే, ఆ ప్రశ్న మనిషి మాత్రునిది అని తెలుస్తుంది. నాకు ఇప్పుడు అది కరతాళధ్వనుల కంటె ఎక్కువ సంతోషాన్నిస్తున్నది.

ఆ యువకుడు మళ్లీ కనిపించలేదు. అతని ప్రశ్న విన్న తరువాత ఆ వాక్యాన్ని చెప్పడం మానుకొన్నాను గాని, పూర్వం చెప్పినది తప్పని ఏ వేదిక మీదా ప్రకటించలేదు. నా ప్రసంగాలు విన్నవారిలో ఈ పత్రిక చదివేవారు కొందరైనా ఉంటారు. వారందరికీ ఇప్పుడు చెబుతున్నాను: నేను అప్పుడు చెప్పినది సరి కాదు. చూసి చెబుతానని ఆ నాయనకు ఇచ్చిన మాట ఇన్నాళ్లకు చెల్లించాను.

స్వస్తి.